ఎర్రకోడి కింద నెమలి గుడ్లు

మా చిన్నప్పుడు, మా ఊరు చిన్న మంగళారంలో మా చేను పక్కన జేసీబీ దిగిన రోజు... గట్టు మీది పొదలోంచి ఆడ నెమలి ఒకటి ఎగిరిపోయింది. పొదలో ఐదు గుడ్లు. ఒక్కొక్కటి నాటుకోడి గుడ్డుకు రెండింతలు.

"అవ్వా, జర పక్కకు జరుగు," అన్నాడు డ్రైవర్.

"నీ బండి జర ఆపు కొడుకా. ఈడ పానాలున్నయ్," అంది మా అవ్వ. ఐదింటినీ కొంగులో కట్టుకుని ఇంటికి తెచ్చింది.

అవి ఐటీ పుణ్యమా అని మా వైపు భూములు చేతులు మారుతున్న రోజులు. మా పక్క చేను కొన్నది ఒక సాఫ్ట్‌వేర్ సార్. కోస్తా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. ఆదివారం ఆదివారం వచ్చి ప్లాటు చూసుకుని పోయేవారు.

అప్పుడే మా ఎర్రకోడి పొదుగుకు కూర్చుంది. అవ్వ దాని గుడ్లు తీసి కూర వండింది. గంపలో గడ్డి పరిచి, ఉరుములకు గుడ్లు చెడకుండా ఒక బొగ్గు ముక్క, ఒక ఇనుప మేకు పెట్టి, నెమలి గుడ్లను కోడి కిందకు తోసింది. కోడికి తేడా తెలిసినట్టు లేదు. రెక్కలు ఇంకొంచెం వెడల్పు చేసి కూర్చుంది, అంతే.

అవ్వ గోడ మీద బొగ్గుతో ఒక గీత గీసింది. రోజుకో గీత. ఇరవై ఒకటి పడితే పిల్లలు. ఊరందరి లెక్కా అదే.

నాలుగో గీత రోజు బళ్లో క్విజ్ పోటీ కోసం సార్ జనరల్ నాలెడ్జ్ చెబుతున్నారు. నెమలి మన జాతీయ పక్షి. చంపినా, పట్టినా, గుడ్లు తీసినా నేరం. జైలు. నోట్సులో ఆ చివరి మాట రాయకుండా వదిలేశాను.

ఇంటికి ఉరికొచ్చాను. "అవ్వా, నిన్ను జైల్ల ఏస్తరట!"

"ఏస్తే ఏయనీ బిడ్డా. ఆడ గూడ అన్నం పెడ్తరు గద."

బాపు, మా నాన్న, మాత్రం నవ్వలేదు. "ఎవ్వలికీ చెప్పకు. మీ సార్‌కు అసలే చెప్పకు," అన్నాడు. ఆ రోజు నుంచి ఆడుకోవడానికి కూడా ఎవరినీ ఇంటికి పిలవలేదు నేను.

ఇరవై ఒకటో గీత పడింది. అది ఆదివారం. గుడ్లను ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని విన్నాను... చప్పుడు లేదు.

"మురిగినయ్," అంది అవ్వ. "కోడి ఎండిపోతున్నది. గింజ ముడ్తలేదు. రేపు పొద్దుగాల తీసి పారేస్త."

"ఇంకొన్ని దినాలు సూద్దామవ్వా..."

"ఇరవై ఒకటికి గానిది ఇరవై రెండుకు అయితదా? కోడి సస్తే నువ్విస్తవా?"

ఎవరిని అడగాలి? బళ్లో అడిగితే జైలు. ఆ మధ్యాహ్నం సాఫ్ట్‌వేర్ సార్ మంచినీళ్లకు మా వాకిట్లోకి వచ్చారు. నోట్సు పట్టుకుని ఎదురెళ్లాను.

"అంకుల్, క్విజ్‌ల ఒక ప్రశ్న ఉన్నది. నెమలి గుడ్డు ఎన్ని రోజులకు పిల్లయితది?"

ఆయన వెనక నిలబడ్డ బాపు నా వైపు ఉరిమి చూశాడు.

"అబ్బో, నాకు తెలీదమ్మా. ఉండు, మావాడొకడు ఇవాళ డ్యూటీలో ఉన్నాడు. వాడి ముందు ఇంటర్నెట్ ఉంటుంది," అని సెల్‌ఫోన్ తీశారు. సిగ్నల్ లేదు. ఎత్తు ఎక్కాలి. దగ్గర్లో ఉన్న ఎత్తు జేసీబీ పోసిన మట్టికుప్పే. ఆ మట్టి నెమలి గూడున్న గట్టుదే. బూట్లు దిగబడుతుంటే దాని మీదికెక్కి అరిచారు.

"నెమలిరా! నెమలి! దాని గుడ్డు! కాదురా, నేనేం తాగలేదు!"

దిగి వచ్చి, "ఇరవై ఎనిమిది రోజులంటమ్మా. రాసుకో," అన్నారు.

ఆయన వెళ్లాక అవ్వకు చెప్పాను. "కంప్యూటర్ల జూసి చెప్తె గుడ్డు ఇంటదా?" అంది. కానీ గంప దగ్గర చాలాసేపు కూర్చుంది. మర్నాడు గుడ్లు పారెయ్యలేదు. రోజుకోసారి కోడిని ఒళ్లోకి తీసుకుని, నానబెట్టిన నూకలు ముక్కు దగ్గర పెట్టి తినిపించేది. "దూరపు సుట్టాలు తల్లీ... జర ఆలస్యంగొస్తరు," అని దానికి నచ్చజెప్పేది.

మళ్లీ ఆదివారం. ఇరవై ఎనిమిదో గీత గియ్యబోయిన అవ్వ చెయ్యి ఆగిపోయింది. గంపలోంచి సన్నని కూత. మధ్యాహ్నానికి నాలుగు పిల్లలు. ఐదో గుడ్డు పిల్ల కాలేదు. ఆ గీత అవ్వ గియ్యనే లేదు.

సంబరంలో వాకిలి వైపు ఎవరమూ చూడలేదు. సాఫ్ట్‌వేర్ సార్ వచ్చి నిలబడి ఉన్నారు. గంపను చూశారు, నన్ను చూశారు.

"క్విజ్ ప్రశ్న ఇదా?"

నేను అవ్వ వెనక్కి నక్కాను. అవ్వే ముందుకొచ్చింది. "జైల్ల ఏసేదుంటే నన్నెయ్యి సారూ. పోరికేం తెల్వది."

"మామ్మగారూ, గూడు చెడగొట్టించింది నేను. మిమ్మల్ని వేస్తే నన్నూ వెయ్యాలి," అన్నారాయన. తర్వాత జేసీబీ డ్రైవర్‌ను పిలిచి, మిగిలిన గట్టునూ పొదలనూ ముట్టుకోవద్దని చెప్పారు.

నెల రోజుల్లో మొదటిసారి బాపు గట్టిగా నవ్వాడు. నాకు ఆకలేసింది. రెండు సార్లు అన్నం పెట్టించుకున్నాను.

వానలు తగ్గేసరికి పిల్లలు వేపచెట్టు కొమ్మెక్కి కూర్చునేవి. కింద ఎర్రకోడి దిగమని ఒకటే గోల. ఒక్కొక్కటే ఆ పొదల్లోకి వెళ్లిపోయాయి.

ఇవాళ ఎవరైనా అడిగితే, గుడ్లు ముట్టుకోకండి, అటవీశాఖకు చెప్పండి అంటాను. విలేకరిగా అదే రాస్తాను కూడా. ఆ రోజు అవ్వకు తెలిసిన శాఖ ఎర్రకోడి ఒక్కటే.

పోయిన నెల ఊరికి వెళ్లాను. చుట్టూ ఫామ్‌హౌస్‌లు. ఆ గట్టు ఉంది. పొద్దున్నే దాని మీద మూడు నెమళ్లు. అవి మా గంపలో పుట్టినవాటి సంతతే అని రాయలేను, ఆధారం లేదు. మూడు ఉన్నాయి... అది మాత్రం కళ్లతో చూశాను. ఊపిరి పీల్చుకున్నాను.

ఇప్పుడు మా వాడలో గుడ్లు అట్టల్లో వస్తున్నాయి. పొదుగుకు కూర్చునే కోడి ఒక్క ఇంట్లోనూ కనిపించలేదు... మీ ఇంటి గోడ మీద గీతలు గీసుకుంటూ మీరు దేనికోసం ఎదురుచూశారు?