పదమూడు ముక్కలు పట్టలేని చేతి కోసం

ఫిబ్రవరి రెండో ఆదివారం, జనగామ, మా వరండా. హాజరైనవారు: నేను, నర్సింహారెడ్డి, సత్తయ్య. రానివాడు: యాదగిరి.

రిటైరైన నాటి నుంచి మేం నలుగురం పొద్దున పూట రమ్మీ ఆడుతున్నాం. పైసలు పెట్టం, చింతగింజలే పందెం. దసరా తర్వాత యాదగిరికి పక్షవాతం వచ్చింది. నడక తిరిగొచ్చింది గానీ కుడిచేతికి పట్టు రాలేదు. పదమూడు ముక్కలు పరిచి పట్టుకోలేడు. మాట కూడా ముద్దగా వస్తోంది. అందుకని మా ముందు నోరు విప్పడం మానేశాడు, తర్వాత రావడమే మానేశాడు.

"నలుగుట్ల కూసోకుంటే మాట ఎట్లొస్తదన్నా? పొద్దంత గోడనే చూస్తుండు" అంది అతని భార్య లక్ష్మి.

రెండే ముక్కలతో మొదలయ్యే బ్లాక్‌జాక్ నాకు తట్టింది. మన ముక్కల మొత్తం పంచేవాడి మొత్తం కంటే పెద్దదై ఉండాలి, ఇరవై ఒకటి దాటకూడదు, దాటితే మనమైనా పంచేవాడైనా మునిగినట్టే. బొమ్మలకు పది, ఆసుకు ఒకటి గానీ పదకొండు గానీ, పంచేవాడి ముక్క ఒకటి అందరికీ కనబడుతుంది. అంతే ఆట. ఎప్పుడు ముక్క తీయాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే పట్టిక ఒకటుంది, బేసిక్ స్ట్రాటజీ అంటారు. యాదగిరి జీవితమంతా ఖాతాల లెక్కలు చూసినవాడు. గుడ్డిగా ముక్కలు తీసే ఆటకు రాడు, లెక్క ఉన్న ఆటైతే రావచ్చు. కాబట్టి ముందు నేను సరిగ్గా నేర్చుకోవాలి.

ఫోన్లో వెతికాను. వీడియోల్లో ఇంగ్లీషు పరుగెత్తింది. చాలావరకు సగంలో ఆగి, యాప్ వేసుకోమని, డబ్బు కట్టి ఆడమని పిలిచాయి. రెండు పట్టికలు దొరికాయి గానీ ఒకదానితో ఒకటి కలవలేదు. తప్పుది యాదగిరి చేతిలో పెడితే రెండోసారి నా మాట వినడు.

సోమవారం ఎనిమిది దాటాక జనగామలో రైలెక్కాను. జనరల్ టికెట్టే, కాజీపేటలో కిటికీ దగ్గర సీటు దొరికింది. పదిన్నర ప్రాంతంలో మహబూబాబాద్‌లో దిగాను. పాత సహోద్యోగి కూతురు స్వరూప అక్కడ కాలేజీలో లెక్కలు చెబుతుంది. చుక్కకూర పప్పుతో అన్నం పెట్టి, రెండు పట్టికలూ పక్కపక్కన పరిచింది.

"రెండూ కరెక్టే పెద్దనాయినా. పైన సన్నక్షరాలు చూసినవా? ఎన్ని పేకలతోని ఆడుతున్నరు, ఆసును పదకొండు అనుకుంటే పదిహేడు వచ్చినప్పుడు పంచెటోడు ఆగుతడా, ఇంకోటి తీస్తడా, గవి వేరే. అందుకే కొన్ని గళ్లు మారినయి."

"మరి ఏది నమ్మాలమ్మా?"

"ఏ నియమాలకు రాసిండ్రో చెప్పిన పట్టికను నమ్ము. ఖాయంగా గెలిపిస్త అనెటోన్ని నమ్మకు."

సాయంత్రం దాకా నాతో కూర్చుని, పైసా అడగని ఒక అభ్యాస పేజీని ఫోన్లో చూపించింది. అది ముక్కలు వేసి నన్ను అడుగుతుంది, తప్పు చేస్తే వెంటనే చెబుతుంది. ఇంత ఓపికైన పంతులును నేను చూడలేదు. మా ఇంటి నియమాలకు సరిపోయే పట్టికను స్వరూప పెద్దక్షరాల్లో ప్రింటు తీసి ఇచ్చింది. రాత్రి స్టేషను దగ్గరి లాడ్జిలో పడుకున్నాను. గది శుభ్రం, బకెట్‌తో వేడినీళ్లు ఇస్తారు. రైళ్ల చప్పుడు భరించేవారికి చాలు.

ఆటను బల్ల మీద చూడాలంటే తన మరిది దగ్గరికి వెళ్లమంది స్వరూప. మంగళవారం తెల్లవారి హన్మకొండ బస్సు, అక్కడ ఇడ్లీ, తర్వాత భూపాలపల్లి బస్సు. సీట్లన్నీ ఆడవాళ్లవే. మొగుళ్లపల్లి వెళ్లే అవ్వ ఒకామె కాస్త జరిగి చోటిచ్చి, నా ఒళ్లోని పట్టికను వంగి చూసింది.

"ఏంది బాపూ, పంచాంగమా?"

"కాదవ్వా, పేకాట."

"వీని మొకం పాడుగాను! గిది చదువుకోని మరీ ఆడుతరా?" అని బస్సంతా వినేటట్టు నవ్వింది. బస్సు మారడానికి పరకాలలో దిగేటప్పుడు మాత్రం, "ఇంట్ల అవ్వకు చెప్పకు, జర పైలం" అంది.

భూపాలపల్లిలో స్వరూప మరిది కుమారస్వామికి స్టేషనరీ దుకాణం ఉంది. అంతకుముందు చాలా ఏళ్లు గోవాలో ఓడ మీది కాసినోలో ముక్కలు పంచాడు. గల్లాపెట్టె పక్కనే ఆట వేశాడు. నేను అలవాటుగా నా రెండు ముక్కలు తీసి గుండెకు ఆనించుకున్నాను.

"ఎవల నుంచి దాస్తున్నవు కాకా? బల్ల మీదనే ఉండనియ్యి. మా దగ్గర ముట్టుకుంటే ఊకోకపోయేటోళ్లు. ముక్క కావాల్నంటే బల్ల మీద వేలు కొట్టాలె. చాలనుకుంటే చెయ్యి ఊపాలె. మాట్లాడే పనే లేదు."

యాదగిరిని తలచుకుంటే నాకు కాసేపు ఆట కనబడలేదు.

నా రెండో తప్పు కూడా రమ్మీదే. రమ్మీలో కౌంట్ పెరిగితే భయం. ఆ భయంతో పదహారు రాగానే ఆగిపోతున్నాను.

"పంచెటోని కనబడే ముక్క రెండు నుంచి ఆరు దాక ఉంటే పదహారు మీద ఆగు. ఏడు, ఆపైన ఉంటే తియ్యాలె" అన్నాడు కుమారస్వామి. "తీస్తే మునుగుతవు చానాసార్లు. తియ్యకుంటే ఇంకా ఎక్కువ ఓడిపోతవు. ఈ పట్టిక గెలిపియ్యదు కాకా, ఓటమి తక్కువ చేస్తది. గంతే."

ముందు మామూలు మొత్తాలు, తర్వాత ఆసులు, చివరికి జతలు. ఒక్కో వరుస పూర్తిగా వచ్చాకే రెండోది నేర్పాడు. ఫీజు అడిగితే చాయ్ తెప్పించాడు.

తిరుగు బస్సులో రేగొండ దాటాక కల్లాల్లో మిర్చి ఎర్రగా ఆరుతోంది. మంచి పట్టిక ముందే తన నియమాలు చెబుతుంది, మంచి గురువు ముందే తన హద్దు చెబుతాడు. ఈ రెండూ నాకు మన జిల్లాల్లోనే దొరికాయి. నేర్చుకోదలచినవారు ఇదే దారిన వెళ్లవచ్చు. చీకటి పడుతుండగా జనగామ చేరాను.

బుధవారం పొద్దున ముగ్గురం యాదగిరి ఇంటికే వెళ్లాం. పట్టిక ఇచ్చాను. ఎడమచేత్తో దగ్గరికి లాక్కుని, వరుస వరుసా చదివాడు. నియమాలు చెప్పి, రెండు సైగలూ చూపించి నేను పంచాను. అతను వేలు కొట్టాడు, చెయ్యి ఊపాడు, ఒక్కటీ తప్పలేదు. లక్ష్మి గడప దగ్గర నిలబడి చూస్తోంది.

కాసేపటికి సత్తయ్యకు పదహారు వచ్చింది. పంచే నాకు కనబడే ముక్క ఏడు. సత్తయ్య చెయ్యి ఊపి, "నాకు చాలు" అన్నాడు.

యాదగిరి బల్ల మీద గట్టిగా కొట్టాడు. "తియ్... తియ్‌రా సత్తిగా! ఏడున్నది... కండ్లు లేవా!"

మాట ముద్దగానే ఉంది. అందరికీ అర్థమైంది. సత్తయ్య బిత్తరపోయి ముక్క అడిగాడు. రాజు పడింది, మునిగాడు.

"నీ మాట ఇని మునిగిన గదరా!"

"మునిగినా... గదే కరెక్టు" అన్నాడు యాదగిరి. "పంచు."