అత్త కన్ను పడ్డ చుట్టుంగరం

మా మేనత్త మాట ఎత్తితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. బిట్రగుంట రైల్వే క్వార్టర్సులో ఆవిడ కాపురం. చిట్టమూరు దగ్గర మా ఊరికి వచ్చిందంటే ఏదో ఒకటి పట్టుకుపోవాల్సిందే. ఒకసారి బియ్యం, ఒకసారి ఏకంగా పాలిచ్చే గేదె. తన అక్క ముందు నాన్నకు నోరు పెగిలేది కాదు.

కొత్త బంగారు నగలు పద్నాలుగు క్యారెట్లు మించకూడదని సర్కారు ఉత్తర్వు తెచ్చిన ఏడు, అత్త పెద్దకొడుక్కి పెళ్లి కుదిరింది. దాంతో ఆవిడ కన్ను అమ్మ చుట్టుంగరం మీద పడింది. రాయీ రప్పా లేని బోడి ఉంగరమే గానీ మేలిమి బంగారం. కొత్త ఉంగరాలు దాని పక్కన ఇత్తడిలా కనిపించేవి. గట్టిగా నొక్కితే వంగేంత మెత్తన. తన పెళ్లిలో, నీళ్ల బిందెలో చేతులు పెట్టి ఉంగరం వెతికే వేడుకలో, నాన్న చేతిని గీరి మరీ అమ్మ గెలుచుకున్నది అది.

"బిందెలో వేసింది మా అమ్మ. అది మా ఇంటి సొత్తు. ఇప్పుడు నా కోడలు తియ్యాల," అంది అత్త, ఇంకా చెప్పులు కూడా విడవకుండా.

"తీసింది నేను గదా వదినా," అంది అమ్మ.

"ఈ వయసులో నీకింకా సింగారమేంది మే?"

నాన్న ఇంటి దూలాలు కొత్తగా చూస్తున్నట్టు పైకి చూస్తూ కూర్చున్నాడు. ఆయన మీదా నాకు మండింది.

అమ్మ చెయ్యి చాచింది. "వస్తే తీసుకో."

అత్త కొబ్బరినూనె రాసింది. కుంకుడు నురగ పూసింది. దారం చుట్టి లాగింది. ఎంత లాగినా కణుపు దగ్గర ఉంగరం ఆగిపోతోంది. అమ్మ వేలు ఎర్రగా కందింది. అత్తకు పంతం పెరిగి తాంబూలం పళ్లెంలోంచి అడకత్తెర అందుకుంది.

"మెత్తటి బంగారం గదా, ఒక్క నొక్కుకు తెగుతాది. కంసాలి అతికిస్తాడులే."

ఆ చేతిని కొరికేద్దామని లేచాను. అమ్మ కళ్లతోనే నన్ను కూర్చోబెట్టింది.

"తెంపుకో వదినా. నీ కొడుకు పెండ్లి బిందెలో తెగి అతికిన ఉంగరం వేసుకుందువు గాని."

అత్త చెయ్యి ఆగిపోయింది. అడకత్తెరను పళ్లెంలోకి విసిరికొట్టి, "నీ పెండ్లాం నోరు చూసినావా రా," అని నాన్నను దులిపేసి, సాయంత్రం బండికి వెళ్లిపోయింది. పోతూ పోతూ మా కొబ్బరినూనె సీసా పట్టుకుపోయింది.

నూనె కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిన అమ్మ వెనకాలే నేనూ వెళ్లాను. దగ్గరగా చూస్తే ఉంగరం గుండ్రంగా లేదు, కోలగా నొక్కుకుపోయి ఉంది. అమ్మ రెండో చేతి బొటనవేలూ చూపుడువేలూ పెట్టి రెండు కొసలా ఒత్తింది. గుండ్రంగా మారిన ఉంగరం కణుపు దాటి చటుక్కున ఊడివచ్చింది. అత్త వీధి మలుపులో కనిపించగానే, ఎందుకొస్తోందో పసిగట్టి అమ్మే దాన్ని రోటి అంచుకు ఆనించి నొక్కేసిందట.

నాకు నవ్వాగలేదు. "ఏదమ్మా, ఒకసారి పెట్టుకుంటా," అని చెయ్యి చాచాను.

అమ్మ అత్తను చూసినట్టే నన్నూ చూసింది. ఉంగరం కడిగి తన వేలికే పెట్టుకుంది.

"నేను పొయ్యేదాకా ఇది ఎవురికీ లేదు. నీకు గూడా," అని, నా ఎదుటే మళ్లీ రోటికి ఆనించి నొక్కింది.