పేరు పిలిచే చోటు

పామిడి చుట్టుపక్కల ఇరవై ఊళ్లలో నాగలక్ష్మమ్మ గొంతు తెలియని ఇల్లు లేదు. తెలుసు కాబట్టి పిలిచి పీట వేస్తారని కాదు. ఆమె వీధిలో నడిచొస్తుంటే మంచాన పడ్డ ముసలివాళ్లు దిగ్గున లేచి కూర్చునేవాళ్లు. "నాకేం కాలేదు తల్లీ, బాగానే ఉండా" అని అడక్కుండానే చెప్పుకునేవాళ్లు. "నేను చింతపండుకు పోతాండా పెద్దాయనా, నీకోసం గాదు. నీకింకా టైముండాది" అని ఆమె కూడా నిలబడకుండా జవాబు చెప్పి వెళ్లేది.

ఆమె పాడేది చావు తత్వాలు. పాడె కట్టేటప్పుడు ఎత్తుకుంటే పెన్న ఇసుకలో గుంత పూడ్చేదాకా పాడుతుంది. శ్మశానానికి ఆడమనిషి రావడమేమిటని మొదట్లో పెద్దమనుషులు అడ్డం పడ్డారు. "రేపు నన్ను ఆడికే గదా మోసకపోయేది, ఇప్పుడే దావ చూసుకుంటే తప్పేంది?" అని ఆమె అడిగింది. పెద్దమనుషులు దగ్గి పక్కకు తప్పుకున్నారు.

పాటలన్నీ వాళ్ల నాయన ఎర్రప్ప దగ్గర నేర్చుకున్నవే. అందులో ఒకటి ఎర్రప్ప స్వయంగా కట్టింది.

సద్ది కట్టకుండ, చెప్పు తొడగకుండ
ఎండన పడి నీవు యాడికీ పయనమూ...

ఇక్కడ ముందు పాడే మనిషి ఆగిపోవాలి. ఆ ఖాళీలో వెనకున్న వాళ్లంతా పోయిన మనిషిని పేరు పెట్టి పిలవాలి. "ఓ సుంకన్నా" అనో, "ఓ గంగమ్మా" అనో. ముందు పాడే మనిషి ఆ పేరు పలకకూడదు. అడిగేది ఒకరు, పిలిచేది ఊరంతా, అదీ పద్ధతి అనేవాడు ఎర్రప్ప. పాట మొత్తంలో ఆ చోటు తొమ్మిది సార్లు వస్తుంది. తొమ్మిదో పిలుపుకు గుండె కరగనివాడు ఆ ఊళ్లలో ఇంకా పుట్టలేదు.

ఒక్క మనిషి మాత్రం నాగలక్ష్మమ్మ నోట ఆ పాట పూర్తిగా వినలేదు. ఆమె సొంత అక్క, రామక్క. 1991లో ఎర్రప్ప పోయినప్పుడు, నాయన కట్టిన పాట నాయనకే పాడకపోతే ఎట్లా అని నాగలక్ష్మమ్మ మొట్టమొదటిసారి ముందు నిలబడి ఎత్తుకుంది. మొదటి చరణం సగంలో ఉండగానే రామక్క శవం దగ్గర నుంచి లేచొచ్చి చెల్లెలి చెంప పగలగొట్టింది. "నాయన సచ్చి పడుంటే నీకు పాటెట్ల వస్తాందే? కండ్లల్లో నీళ్లు రావాల్సినప్పుడు గొంతులో రాగమొస్తాదా నీకు?" అని ఊరందరి ముందూ అడిగింది. అడిగి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. మూడో రోజే రాయదుర్గం వెళ్లిపోయి, జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్డులో దారాలు కత్తిరించే పనికి కుదిరింది. ఆ తర్వాత పదకొండేళ్లు ఇద్దరికీ మాటల్లేవు. బంధువుల పెళ్లికి ఒకరొస్తున్నారని తెలిస్తే ఇంకొకరు రారు.

ఎవరేమన్నా తడుముకోకుండా జవాబు చెప్పే నాగలక్ష్మమ్మ ఆ ఒక్క మాటకు మాత్రం జవాబు చెప్పలేకపోయింది. తనకు ఏడుపు రాక పాడలేదు. తను ఏడ్చే తీరే అది. ఆ సంగతి అక్కకు నోటితో చెబితే తెలిసేది కాదు, పాట వింటే తెలుస్తుంది. పాట వినాలంటే ఎవరో ఒకరు చావాలి, ఆ చావుకు రామక్క రావాలి. వచ్చినా చెల్లెలు పాడే చోట నిలబడదు. ఇదీ ఆమెకు తెగని చిక్కు.

1999లో ఆమె జట్టు శివభజనల క్యాసెట్ ఒకటి చేసింది. జట్టంటే ఆమె కాక ముగ్గురు. హార్మోనియం ఓబుళేసుది. పరుపులు కుట్టే ఖాజా పీర్‌ది తబలా. తాళాలు బయ్యన్నవి. ఆ క్యాసెట్ బాగా నడిచింది. కదిరి తిరునాళ్లలో కూడా మోగింది. మూడేళ్ల తర్వాత అనంతపురం స్టూడియో నడిపే రాఘవేంద్ర ఇంకొకటి చేద్దామని కబురు పంపాడు.

"ఈసారి చావు పాటలు చేద్దాం" అంది నాగలక్ష్మమ్మ.

బయ్యన్న గాభరా పడ్డాడు. "అట్లాంటి క్యాసెట్ ఎవురన్నా ఇంట్లో పెట్టుకుంటారా అక్కా? ఇంట్లో చావు పాట పాడితే చావును పిలిచినట్ల."

"పెండ్లి పాట పాడితే పెండ్లి అయితాదా? మన ఓబుళేసు ఇరవై ఏండ్లుగా పెండ్లిండ్లలో వాయిస్తాండాడు. యాడప్పా పెండ్లాం?"

యాభై ఏళ్ల బ్రహ్మచారి ఓబుళేసు తల వంచుకుని హార్మోనియం మీద లేని దుమ్ము తుడిచాడు.

"ఇన్నాళ్లూ సచ్చినోళ్లకే పాడితిమి. వాళ్లు ఇంటారా? చుట్టూ ఏడ్చేటోళ్లు ఇంటారా?" అంది ఆమె. "బువ్వ తిని, కాళ్లు సాపుకోని, తీరిగ్గా ఒక్కరన్నా ఇనాల గదప్పా ఈ పాట."

ఆ ఒక్కరు ఎవరో ఆమె చెప్పలేదు. ముగ్గురికీ తెలుసు. అందుకే ఇంకెవరూ కాదనలేదు.

స్టూడియోలో పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నానికి ఏడు పాటలు దులిపేశారు. ఎనిమిదోది నాయన పాట. ఆమె ఎత్తుకుంది. సద్ది కట్టకుండ, చెప్పు తొడగకుండ, ఎండన పడి నీవు యాడికీ పయనమూ... అని ఆగింది. వెనక ఎవరూ పిలవలేదు. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఖాజా పీర్ తబలా మీద చెయ్యి ఎత్తినది ఎత్తినట్టే ఉంది.

"ఏమైందమ్మా?" అన్నాడు అద్దం వెనక నుంచి రాఘవేంద్ర.

"శవం లేదప్పా" అంది నాగలక్ష్మమ్మ.

ఇంటి దగ్గర సాధన చేసినప్పుడు ఆ చోట తాళాలు మోగించి దాటించారు. పేరు అవసరం పడుతుందని ఒక్కరికీ తోచలేదు. ఎప్పుడూ శవం వాళ్లకంటే ముందే అక్కడ ఉండేది మరి.

"ఓ మనిషీ అనండి, సరిపోతుంది" అన్నాడు రాఘవేంద్ర. అని చూశారు. టికెట్ తీసుకోనివాణ్ణి కండక్టర్ పిలిచినట్టుంది. పేరే లేకుండా దాటిస్తే పాట కుంటింది. ఓబుళేసు, "నా పేరు మాత్రం వద్దబ్బా" అని ఎవరూ అడక్కుండానే అన్నాడు.

"నా పేరు పిలవండి" అంది ఆమె.

బయ్యన్న తాళాలు కింద పెట్టేశాడు. "నీ చేతి బువ్వ తిన్నా అక్కా. బతికుండే మనిషిని పాడె మీదోళ్లను పిలిచినట్ల నేను పిలవను."

"పిలిస్తే పోయేదాన్నయితే నువ్వు తిట్టిన తిట్లకు ఎప్పుడో పోయుండాల. పిలువప్పా."

ఖాజా పీర్ నిదానంగా అన్నాడు. "మోసేటోళ్లకు గదా బయ్యన్నా బరువు. ఆయమ్మ మోస్తానంటాంది. పిలుద్దాం పట్టు."

మొదటి పిలుపు గొణిగినట్టు వచ్చింది. రెండోది కొంచెం నయం. నాలుగోదానికి ఓబుళేసు గొంతు జీరబోయింది. తొమ్మిదోదానికి బయ్యన్న "ఓ నాగలక్ష్మమ్మా" అంటూ బావురుమన్నాడు. ఆమెకు భయం వేయలేదు. తన పేరు ముగ్గురూ అట్లా పిలుస్తుంటే వెనక్కి తిరిగి "ఈడనే ఉండా గదరా" అనాలనిపించింది, అంతే.

ఏడుపు లేకుండా ఇంకోసారి పాడదామన్నాడు రాఘవేంద్ర. "వద్దు, ఉండనీ. దుడ్లు పోసినా దొరకదు అట్లాంటి ఏడుపు" అని ఆమె లేచి చెంబెడు నీళ్లు తాగింది.

క్యాసెట్ పేరు 'యాడికీ పయనము'. అట్ట మీదికి ఆమె ఫొటో కావాలన్నారు. ప్రింటింగ్ ప్రెస్సు వాడు పాటల పేర్లు చదివాడు, ఫొటో చూశాడు, ఎవరినీ అడక్కుండా కోడిగుడ్డు ఆకారంలో గీత గీసి, చుట్టూ పూలదండ వేసి, కింద రెండు దీపాలు పెట్టాడు.

ఇక చెప్పేదేముంది? పాట విన్నవాళ్లు తొమ్మిదిసార్లు ఆమె పేరు విన్నారు. ఆ చోట పిలిచేది పోయినవాళ్ల పేరేనని ఆ సీమలో పసిపిల్లకు కూడా తెలుసు. పైగా వెనక మగాళ్లు నిజంగా ఏడుస్తున్నారు. అట్ట మీద దండ ఉంది. అయ్యో పాపం, ఆయమ్మ పాడి పెట్టిన పాటకు జట్టువాళ్లు ఆయమ్మ పేరే కలిపి విడుదల చేశారు కాబోలు అనుకున్నారు జనం. చనిపోయిన మనిషి ఆఖరి క్యాసెట్ అనేసరికి, ఇంట్లో పెట్టుకోవడానికి భయపడే వాళ్లు కూడా కొని వినసాగారు.

మొదట గుత్తి నుంచి ఒకాయన దండ పట్టుకుని వచ్చాడు. నాగలక్ష్మమ్మ వాకిట్లో కూర్చుని విత్తనానికి దాచిన శనక్కాయలు ఒలుస్తోంది. ఆయన వాకిలి దగ్గరే నిలబడిపోయాడు. దండ ఎవరికివ్వాలో తెలియలేదు.

"తెచ్చినావు గదా, ఇట్లియ్యి" అని తీసుకుని ఆమె వాకిట్లో కట్టేసిన ఎద్దు కొమ్ములకు వేసింది. "సచ్చినాక నన్ను గురించి నాలుగు మంచి మాటలు చెబుదామని వచ్చింటావు. కూచోని చెప్పిపో. నేనూ ఇంటా."

ఆ ఏడు వాన లేదు. విత్తనం ఇళ్లల్లోనే ఉంది, జనానికి తీరిక ఉంది. వారం రోజుల్లో ఎద్దు మెడలో పదిహేను దండలు పడ్డాయి. వచ్చిన వాళ్లందరినీ ఆమె చాప వేసి కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, పాట మొదటి నుంచి చివరిదాకా వినిపించి పంపింది. కాళ్లు చాపుకుని తీరిగ్గా విన్నారు. బతికుండే మనుషులు వినాలన్న కోరిక తీరినట్టే కదా అన్నాడు బయ్యన్న. ఆమె మాత్రం ఎవరొచ్చినా వీధి చివరిదాకా చూసి, మళ్లీ శనక్కాయల చాట మీదికి వంగేది.

తొమ్మిదో రోజు మిట్టమధ్యాహ్నం వీధి చివర నుంచి పాట వినిపించింది. రాగం సగం తప్పిన ముసలి గొంతు. సద్ది కట్టకుండ, చెప్పు తొడగకుండ... అడగడమూ ఆ గొంతే, పిలవడమూ ఆ గొంతే. అట్లా పాడకూడదు, పద్ధతి కాదు. నాగలక్ష్మమ్మ చెవి నిక్కించింది. పేరు చోట వినిపించింది "ఓ లచ్చీ" అని.

ఆమెను లచ్చీ అని పిలిచే మనిషి భూమ్మీద ఒక్కరే.

పెద్దమనుషుల ముందు తొణకని నాగలక్ష్మమ్మ భయపడింది. తను బతికున్నట్టు చూస్తే అక్క వచ్చిన దారినే వెళ్లిపోతుందేమో. లేచి లోపలికి పోయి దాక్కోవాలని, ఇంకొంచెం సేపు చచ్చిపోయి ఉండాలని అనిపించింది. లేచే లోపలే రామక్క వాకిట్లోకి వచ్చేసింది. కొంగు జారిపోయింది, కాళ్లకు చెప్పుల్లేవు. ఒక చేతిలో దారాలు కత్తిరించే చిన్న కత్తెర ఇంకా అట్లాగే ఉంది.

చెల్లెల్ని చూసింది. పాట ఆగిపోయింది.

"సచ్చిపోలేదక్కా" అంది నాగలక్ష్మమ్మ. ఆమె గొంతు అంత చిన్నగా రావడం ఆ ఇంటి గోడలు కూడా ఎరగవు. "పాటకు మనిషి దొరక్క నా పేరే పెట్టిచ్చినా."

రామక్క కత్తెర పారేసి వచ్చి, రెండో చెంప మీద ఒక్కటిచ్చింది. ఇచ్చి, అదే చేత్తో చెల్లెలి తల పట్టుకుని రొమ్ముకు అదుముకుంది. శనక్కాయల చాట తిరగబడింది. చాలాసేపు ఇద్దరూ ఆ కాయల్లోనే కూర్చున్నారు.

తర్వాత నీళ్లు తాగి రామక్క చెప్పింది. "షెడ్డులో టేప్‌రికార్డర్‌లో పెట్టినారే. పామిడి పిల్ల తెచ్చింది. నీ పేరు ఇనబడింది. అట్లే లేసి బస్సెక్కినా. బస్సులో ఏడుద్దామని సూసినా లచ్చీ. ఏడుపు రాలేదు. కంట్లో సుక్క నీళ్లు రాలేదు. నాయన పాటొచ్చింది నోట్లోకి. ఆపుదామన్నా ఆగలేదు. బస్సులో జనమంతా నన్నే సూసిరి." చెంబు కింద పెట్టింది. "ఆ పొద్దు నీకూ ఇట్లేనా అయింది?"

నాగలక్ష్మమ్మ తలూపింది. పదకొండేళ్లుగా దొరకని జవాబు, అక్కే మోసుకుని బస్సెక్కి వచ్చింది.

"నాయనకు అందరూ పిలిచినారా?"

"ఊరంతా పిలిచినారు. నీ గొంతొక్కటే లేదు."

రామక్క కొంగుతో మొహం తుడుచుకుని, కాళ్లు చాపుకుని, గోడకు ఆనుకుంది. "పాడు" అంది.

హార్మోనియం లేదు, తబలా లేదు. నాగలక్ష్మమ్మ ఎత్తుకుంది. యాడికీ పయనమూ... అని ఆగింది. "ఓ నాయనా" అని పిలిచింది రామక్క. రెండోసారీ పిలిచింది, మూడోసారీ పిలిచింది. ఎండకు ఎద్దు మెడలోని పూలన్నీ వాడిపోయి ఉన్నాయి. ఎనిమిది దాకా ఎక్కడా తప్పు పోలేదు.

తొమ్మిదోసారి నాగలక్ష్మమ్మ నోరు తెరిచింది కానీ పాట రాలేదు. వందల చావుల్లో ఒక్కసారి కూడా తప్పని గొంతు ఆ ఒక్క ముక్కా అడగలేకపోయింది.

రామక్క చెల్లెలి చెయ్యి పట్టుకుని, అడగకుండానే నాయనను పిలిచింది.