గుండుసూదులు గుచ్చిన పాఠం

విద్యాశాఖ ఆఫీసు వరండాలో ఇద్దరు కూతుళ్ళతో బల్ల మీద కూర్చుంది టైలరమ్మ. ఒళ్ళో లెక్కల పుస్తకం ఉంది. అందులో పదకొండు గుండుసూదులున్నాయి. వాటి సంగతి లోపలున్న అధికారిణి కంట పడితే కొంప మునిగినట్టే.

ఆమె ఏనాడూ పాఠాలు చెప్పాలనుకోలేదు. పదో తరగతిలో లెక్కల్లో తప్పి, ఆ వారమే పుస్తకాలు కట్టగట్టి అటకెక్కించి, మిషను ముందు కూర్చున్న మనిషి. నిరుడు ఉన్నట్టుండి పెద్దమ్మాయి బడికి పోనని గుమ్మం పట్టుకుని వదల్లేదు. క్లాసులో పైకి చదవమన్నప్పుడు మాట తడబడితే పిల్లలు నవ్వేవారట. టీచరు కూడా నవ్విందట. నెల తిరిగేసరికి ఆ పిల్ల ఇంట్లో సైతం గుసగుసలాడటం తప్ప గొంతు విప్పడం మానేసింది. కొన్నాళ్ళు ఇంట్లోనే చదివించమన్నాడు డాక్టరు. అక్క వెళ్ళని బడికి తానూ వెళ్ళనని చిన్నది భీష్మించుకుంది.

తన వల్ల కాదని టైలరమ్మ మొగుణ్ణి బతిమాలింది. అతను బస్సు డ్రైవరు.

"నేను నేర్పితే స్టీరింగ్ తిప్పడమే నేర్పాలి. నీకు కనీసం టేపు మీద అంకెలొచ్చు కదే," అన్నాడు.

అలా టేపే పలక అయింది. సగమంటే టేపుని ఒక మడత, పావంటే రెండు మడతలు. కూడికలు, తీసివేతలు గుడ్డ మీద సుద్దతో. భిన్నాల భాగహారం దాకా వచ్చేసరికి ఆమెకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ పేజీలన్నీ దగ్గరకు చేర్చి గుండుసూదులు గుచ్చేసి, "ఇవి తర్వాత చూద్దాం," అంది. ఏడాది గడిచినా ఆ తర్వాత రాలేదు. ఆఫీసు నుంచి కాగితం మాత్రం వచ్చింది. పిల్లలిద్దరినీ పరీక్షిస్తారు. తగినంత రాకపోతే మళ్ళీ ఆ బడికే, ఆ టీచరు దగ్గరికే. ఆ కాగితం వచ్చిన నాటి నుంచి ఆమె చేతిలో కుట్టు వంకర పోతూనే ఉంది.

లోపలికి పిలిచారు. అధికారిణి కళ్ళజోడు సర్దుకుని ముందు చిన్నదాన్ని చదవమంది. అది ఒక పేజీ చదవమంటే మూడు చదివి, ఇంకా ఉందా అని అడిగింది. తర్వాత పెద్దదాని వంతు. చదవడం అయింది, మెల్లగానే అయినా ఎక్కడా ఆగకుండా. టైలరమ్మ ఊపిరి తీసుకునే లోపే లెక్క వచ్చి పడింది. గోడ పొడవు నూట ఇరవై అంగుళాలు, అందులో తలుపు నలభై. మిగిలిన గోడ ఎంత?

"ఎనభై రెండు," అంది పిల్ల గుసగుసగా.

అధికారిణి కలం ఆగింది. "ఎనభై రెండా? ఎలా?"

"కుట్టుకి అటొక అంగుళం, ఇటొక అంగుళం వదలాలి కదండీ."

ఏడాదంతా టైలరమ్మ గుడ్డలకి చెప్పిన మాటని పిల్ల గోడలకి కూడా కుట్టేసింది. ఈ లెక్కలు ఏ పుస్తకంలోంచి చెప్పారో చూడాలని అధికారిణి చెయ్యి చాపింది. ఇవ్వక తప్పలేదు. నాలుగు పేజీలు తిరిగాయో లేదో గుండుసూది తగిలింది.

"అవి తియ్యకూడదు మేడం," అని చిన్నది హెచ్చరించింది. "అవి అమ్మకి రావు."

ఇక దాచి లాభం లేదని టైలరమ్మకి తెలిసిపోయింది.

"నిజమేనండీ, నాకు రావు. పిల్ల తప్పేం లేదు. దాన్ని అక్కడికి మాత్రం పంపకండి," అని చేతులు జోడించబోయి ఆగిపోయింది. గుండుసూదుల తలలు కుడివైపుకున్నాయి. పదిహేనేళ్ళుగా ఆమె ఏ సూదైనా తల ఎడమకే ఉండేలా గుచ్చుతుంది. వీటిని ఎవరో తీసి మళ్ళీ గుచ్చారు.

"నాకొచ్చు," అంది పెద్దది. ఈసారి అది గుసగుస కాదు.

అధికారిణి కాగితం మీద ఆరుని ముప్పావుతో భాగించమని రాసిచ్చింది. పిల్ల ముప్పావుని తలకిందులు చేసి, హెచ్చవేసి, ఎనిమిది అని చూపించింది. అమ్మకెందుకు చెప్పలేదని అడిగితే తల వంచుకుంది.

"తనకి రానివి నేను చదివానంటే, ఇంక నీకు చెప్పలేనని బడికి పంపేస్తుందేమోనని."

తన భయం పుస్తకంలో దాగిందనుకుంది టైలరమ్మ. అది పిల్ల గుండెలో కూడా చేరి కూర్చుంది.

గోడలకి కుట్లుండవని ఒకటికి రెండుసార్లు చెప్పి, మరో ఏడాది ఇంట్లోనే చదివించుకోమని సంతకం పెట్టింది అధికారిణి. వచ్చే ఏడు ఇంతకంటే కష్టంగా ఉంటుందని కూడా చెప్పింది.

ఇంటికొచ్చాక టైలరమ్మ సూదులన్నీ పీకి డబ్బాలో వేసింది. పెద్దది పక్కన చేరి అదే లెక్క మళ్ళీ రాసింది. ఆరు మీటర్ల గుడ్డ, ఒక్కోదానికి ముప్పావు మీటరు. టైలరమ్మ గుడ్లప్పగించి చూసింది. వారం వారం ఆస్పత్రికి కుట్టే దిండు గలీబులు. ఆరు మీటర్లకి ఎనిమిది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే. తర్వాతది నువ్వు చెయ్యి."

టైలరమ్మ సుద్ద అందుకుంది గానీ గుడ్డ మీద పెట్టలేదు. పిల్ల ఆ చెయ్యి పట్టుకుంది.

"కంగారుపడకమ్మా. కుట్టుకి మాత్రం వదలకు."