గోడకు మేకు

మా పక్క ఫ్లాటులో ఉండిన అన్న గుర్తొస్తే ముందు సుత్తి చప్పుడే వినిపిస్తుంది. నాచారంలో ఫ్యాక్టరీ పని చేస్తూ ఆయన ఏళ్లకేళ్లు కిరాయి ఇళ్లలో గడిపాడు. ఏ ఓనరూ గోడకు మేకు కొట్టనివ్వలేదు. బ్యాంకు లోనుతో ఈ ఫ్లాటు కొన్నాక ఉప్పల్ బజారు నుంచి మేకులు పొట్లం కట్టించుకొచ్చేవాడు. చొక్కాకొకటి, గొడుగుకొకటి. వదిన కసిరితే, "మనిల్లే గదనే, ఎవడడుగుతడు?" అని నవ్వేవాడు.

ఆర్డర్లు రాక ఫ్యాక్టరీ మూతపడింది. వడ్డీకి మాత్రం సెలవుల్లేవు. ఈఎంఐలు ఆగిపోయాయి.

బ్యాంకువాళ్లు తలుపుకు సీలు వేసే ముందురోజు మళ్లీ సుత్తి చప్పుడు వినబడి వెళ్లాను. వదిన సామానుతో మేడిపల్లిలోని కిరాయి ఇంటికి అప్పటికే వెళ్లిపోయింది. ఖాళీ ఇంట్లో ఆయన ఒక్కడే స్టూలెక్కి మేకులు పీకుతున్నాడు. పీకిన చోటల్లా తెల్ల సిమెంటు పూస్తున్నాడు.

"ఇల్లు బ్యాంకోళ్లదాయె. ఇప్పుడిదంతా ఎందుకన్నా?" అన్నాను.

ఆయన వెనక్కి తిరగలేదు.

"ఖాళీ జేసేటప్పుడు పొక్కలు పూడ్సి పోవాలె తమ్మీ. లేకుంటే ఓనర్లు ఊకోరు."