ఇబ్రి ఎడారిలో పడని గోడ

మా అత్తయ్యగారికి అరవై ఎనిమిదో ఏట ఒక చైనా హీరో మీద అభిమానం పుట్టుకొచ్చింది. ఈ ప్రయాణానికి కారణం అదొక్కటే. ఎడారి అందాలనీ, మనశ్శాంతి అనీ నేను అబద్ధాలు రాయను. తణుకు నుంచి మూడు నెలల వీసా మీద మస్కట్ వచ్చారావిడ. వచ్చిన రెండో వారంలో, ఏదో ఒకటి చూపించాలి కదా అని, అల్ ఖువైర్‌లో మా ఇంటికి దగ్గర్లోని హాలుకు ఒక చైనా సినిమాకి తీసుకెళ్ళాను. వందల కోట్లు గుమ్మరించి తీసిన సైన్స్ ఫిక్షన్. అందులో భూమ్యాకర్షణ గాడి తప్పుతుంది, సముద్రాలు లేచి ఆకాశంలోకి పోతాయి, కింద ఊళ్ళన్నీ కూలిపోతాయి. రెండో సముద్రం లేచేసరికి నేను నిద్రపోయాను. ఆవిడ మాత్రం రెప్ప వేయకుండా చూశారు.

ఆ తర్వాత మా ఆవిడ శైలజ చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఆ సినిమా తెలుగు డబ్బింగ్ వెతికి వాళ్ళమ్మ ట్యాబ్‌లో పెట్టింది. ఇక రోజూ మా ఇంట్లో ప్రళయమే. చైనా పేర్లు నోరు తిరగక హీరోకి చిన్నోడనీ, హీరోయిన్‌కి డాక్టరమ్మనీ అత్తయ్యగారే పేర్లు పెట్టేశారు. ఒకరోజు ఆ సినిమా ఎలా తీశారో చూపించే వీడియోలో ఎడారి కనిపించి, కింద ఒమాన్ అని పడింది. ఆవిడ ట్యాబ్ పట్టుకుని నా గది దాకా వచ్చారు. "అల్లుడుగారూ, చిన్నోడు ఇక్కడికొచ్చి వెళ్ళాడటండీ. మీరు ఒక్క మాటయినా చెప్పలేదు" అన్నారు, నేనేదో కావాలని దాచినట్టు.

శైలజకు బడిలో పరీక్ష పేపర్లు దిద్దే పనుంది. "అమ్మని మీరే తీసుకెళ్ళండి" అంది నవ్వు ఆపుకుంటూ. మా బిల్డింగ్ వాచ్‌మన్ గంగారాంది జగిత్యాల. ఆయన బావమరిది మల్లేశం ఇబ్రిలో మేస్త్రీ. ఆ సినిమా సెట్టుకు పనిచేశాడట. ఫోన్ చేసి, చోటు చూపిస్తే నీ రోజు కూలి ఇస్తానన్నాను.

"పైసలద్దు సార్" అన్నాడు మల్లేశం. "మీరు ఆ సిన్మా సూసిన్రా?"

"చూశాను."

"మొత్తం సూసిన్రా?"

"మొత్తం చూశానయ్యా" అన్నాను, సిగ్గులేకుండా.

"అయితే రాండ్రి. మిమ్ముల ఒకటి అడిగేదున్నది."

శుక్రవారం పొద్దున ఐదింటికి బయల్దేరాం. జనవరి కాబట్టి చలిగా ఉంది. అత్తయ్యగారు వెంకటగిరి చీర మీద శైలజ స్పోర్ట్స్ బూట్లు వేసుకుని, ఒక దుప్పటి, ట్యాబ్, దిబ్బరొట్టె ఉన్న స్టీలు డబ్బా పట్టుకుని ముందు సీట్లో కూర్చున్నారు. మస్కట్ నుంచి నిజ్వాకు నూట అరవై కిలోమీటర్ల పైచిలుకు. రోడ్డు అద్దంలా ఉంటుంది గానీ నూట ఇరవై దాటితే కెమెరా పట్టేస్తుంది, జాగ్రత్త. గంటా నలభై నిమిషాల్లో నిజ్వా చేరాం. అక్కడ రోడ్డు పక్క దుకాణంలో పాలు మరిగించిన చాయ్ రెండు వందల బైసలు, అంటే రియాల్‌లో ఐదో వంతు. దాంతోపాటు దిబ్బరొట్టె తిన్నాం. దారి పొడవునా ఆవిడ నాకు కథ చెబుతూనే ఉన్నారు. "అన్నీ బాగానే తీశారు గానీ, సముద్రం పైకి పోతే చేపలు కూడా పోవాలి కదండీ. ఒక్క చేపని కూడా చూపించలేదు" అని ఆ దర్శకుడి మీద ఆవిడ అభ్యంతరం. నిజ్వా దాటి బహ్లా మీదుగా ఇంకో నూట ముప్పై కిలోమీటర్లు వెళితే ఇబ్రి. ఎనిమిదిన్నరకి ఊరి మొదట్లో పెట్రోలు బంకు దగ్గర ఆగాం. వెళ్ళిరావడానికి పెట్రోలు పదిహేను రియాళ్ళ దాకా అవుతుంది.

మల్లేశం అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. నలభై ఐదేళ్ళుంటాయి. తల నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా చేతులు కట్టుకుని ఉన్నాడు. వెనక సీట్లో ఎక్కాడు. కారు కదిలిందో లేదో మొదలుపెట్టాడు.

"సార్, అందరు నన్ను గోడ మల్లేశం అంటరు. ఎందుకో గంగారాం చెప్పిండా?"

చెప్పలేదన్నాను. అప్పుడు చెప్పాడు. రెండేళ్ళ కిందట చైనావాళ్ళు ఇక్కడ ఒక పాత ఊరి సెట్టు వేశారు. ఆ పని మల్లేశం కంపెనీకి వచ్చింది. అందులో ఒక గోడ పడిపోవాలి. జీపుకు తీగ కట్టి లాగితే పక్కనున్న గాజు టోపీ ఆమె మీద కూలి ఆమె చచ్చిపోవాలి. దానికి మెత్తటి ఉత్తుత్తి ఇటుకలు వాడదామనుకున్నారట, కానీ అవి దగ్గర్నుంచి చూస్తే తేలిపోతున్నాయని నిజం గోడే కట్టమన్నారు. కూలే క్షణానికి ఆమె స్థానంలో బొమ్మను పెడతారు.

"సిమెంటు కల్పకు, వట్టి మట్టి పెట్టి కట్టు అన్నరు సార్. మట్టిల ఇటుక ఆగుతదా? పిసరంత కల్పిన. చేతికి అలవాటు. కల్పినంక నీళ్ళు కొట్టకపోతే ఎట్ల? ఏడు దినాలు పొద్దు మాపు నీళ్ళు కొట్టిన."

"పడిపోయే గోడకా?"

"గోడ గోడనే గద సార్" అన్నాడు మల్లేశం, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు.

షూటింగ్ రోజు జీపు లాగింది. గోడ కదల్లేదు. మళ్ళీ లాగారు. తీగ తెగింది. మూడోసారి లావుపాటి తీగ కట్టి లాగితే జీపు బంపరు ఊడి వచ్చింది. టోపీ పెట్టుకున్న దర్శకుడు ఇసకలో చతికిలబడ్డాడట. వందమంది ముందు ఫోర్‌మన్ మల్లేశం మీద విరుచుకుపడ్డాడు. 'దివార్ బోలా థా, కిలా బనా దియా' అన్నాడట, గోడ అడిగితే కోట కట్టావని. ఆ మధ్యాహ్నమే బండెక్కించి కూలీల క్యాంపుకు పంపేశాడు.

"నేను బండెక్కంగ గాజు టోపీ పెట్టుకున్న ఆమె అద్దం లేపి, గోడ మీద చెయ్యేసి సూసింది. నన్ను సూసి నవ్వింది. గంత పెద్ద హీరోయిన్ గూడ నవ్వవట్టె అని పానం చచ్చిపోయింది సార్. అప్పటి సంది ఫోర్‌మన్ నాకు గోడ ఇయ్యలే. టైల్స్ కింద సిమెంటు మాలు వేసుడే. ఇరవయ్యేండ్ల మేస్త్రీని."

గొంతు సవరించుకుని అసలు విషయానికి వచ్చాడు. "రూమ్‌ల ఒకడు సిన్మా నా వల్లనే ఖరాబైందంటడు. ఇంకొకడు ఆ ముక్కనే కోసి పారేసిన్రంటడు. నాకు సూడ బుద్ధి కాలే. మీరు సదువుకున్నోళ్ళు, మొత్తం సూసినోళ్ళు. ఆ గోడ ఏమైంది సార్?"

రోడ్డు మీద లేని గుంతను తప్పిస్తున్నట్టు స్టీరింగ్ తిప్పాను. "అంటే, చాలా గోడలున్నాయి కదా" అని నసిగాను.

"అల్లుడుగారు నిద్రపోయారు నాయనా" అన్నారు అత్తయ్యగారు వెనక్కి తిరిగి. "గురక కూడా పెట్టారు. నన్నడుగు. కాకపోతే అందులో వంద గోడలు పడ్డాయి, నీది ఏదో చూస్తేగానీ చెప్పలేను."

మల్లేశం అద్దంలోంచి నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

ఇబ్రి నుంచి పడమరగా నలభై కిలోమీటర్లు తారు రోడ్డు, ఆ తర్వాత పన్నెండు కిలోమీటర్లు కంకర దారి. చిన్న కార్లతో రాకండి. చివరి రెండు కిలోమీటర్లు ఇసకే. అక్కడ మల్లేశం దిగి, ఇసకలో కూరుకుపోకుండా నాలుగు టైర్లలో గాలి కొంత తీశాడు. అత్తయ్యగారు అతన్ని హీరో గురించి అడగడం మొదలుపెట్టారు. ఎత్తెంత, తెలుపెంత, ఏం తినేవాడు. "మంచోడే అమ్మా. గాని మేకలకు భయపడుతుండె. మేక వస్తే కుర్చీ ఎక్కుతుండె" అన్నాడు. సినిమాలో ఆ చిన్నోడు కూలుతున్న మేడల మీద నుంచి దూకుతాడు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించారు. "మేకంటే ఎవరికైనా భయమే నాయనా. మేడకు కొమ్ములుంటాయా ఏంటి" అన్నారు.

తొమ్మిదిన్నర కావస్తుండగా చేరాం. నిజం చెప్పాలంటే చూడ్డానికి ఏమీ లేదు. చదునైన తెల్లటి నేల, దూరంగా ఇసక దిబ్బలు, మధ్యలో ఒకే ఒక్క గోడ. పన్నెండడుగుల పొడవు, మనిషికి మించిన ఎత్తు. మిగతా సెట్టంతా చైనావాళ్ళు పీక్కుని పట్టుకెళ్ళిపోయారు. గోడ నీడలో పదిహేను మేకలు పడుకుని ఉన్నాయి. వాటి పక్కన చాప మీద సాలెం అనే పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఆ నేల ఆయనదే. మాకు ఖర్జూరాలు, చిన్న గిన్నెల్లో కహ్వా అనే అరబ్బు కాఫీ పోసి ఇచ్చాడు. హిందీ బాగానే వచ్చు. ఈ గోడ ఒక్కటీ ఎందుకు ఉంచారని అడిగాను.

"కూలగొట్టడానికి మనుషుల్ని పంపారు. సగం పూట కష్టపడ్డారు. వదిలెయ్యండి, నా మేకలకు నీడవుతుందని నేనే చెప్పాను" అన్నాడు సాలెం.

మల్లేశం గోడ దగ్గరికి వెళ్ళలేదు. పది అడుగుల దూరంలోనే ఆగిపోయాడు. అత్తయ్యగారు మాత్రం మేకల్ని అదిలించుకుంటూ వెళ్ళి, దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, పై అంచున ఎడమవైపు ఉన్న నొక్కు చూసి టక్కున నిలబడిపోయారు.

"ఇదా నాయనా నీ గోడ? ఇదేనా?"

"గిదే అమ్మా."

"ట్యాబ్ తీయండి అల్లుడుగారూ" అన్నారు.

ఎండలో బొమ్మ కనిపించలేదు. అందుకే ఆ దుప్పటి. ఇంటి దగ్గర దాన్ని చూసి నేను నవ్వాను, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. చాప మీద కూర్చుని నెత్తిన దుప్పటి కప్పుకున్నాం. అత్తయ్యగారు, మల్లేశం, నేను. మేమేం చూస్తున్నామోనని సాలెం కూడా తల దూర్చాడు. ఆవిడ వేలితో సినిమాను గంటా ఇరవయ్యో నిమిషం దగ్గరికి జరిపారు.

సముద్రం ఎండిపోయిన చోట ఊరు. నేల ఊగుతోంది. మేడలు, స్తంభాలు, గోపురాలు వరసగా కూలుతున్నాయి. గాజు టోపీ పెట్టుకున్న డాక్టరమ్మ పరుగెత్తుతోంది. మల్లేశం నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "గీమెనే సార్" అన్నాడు. ఆమె పరుగెత్తి పరుగెత్తి ఒక గోడ వెనక నక్కింది. పై అంచున ఎడమవైపు నొక్కు. దుమ్ము ముంచెత్తింది, తెరంతా తెల్లబడిపోయింది. మల్లేశం కళ్ళు మూసుకున్నాడు. దుమ్ము తేలిపోయాక చూస్తే ఊరంతా నేలమట్టం. మధ్యలో గోడ నిలబడి ఉంది. దాని వెనక నుంచి డాక్టరమ్మ లేచింది. అరచేతిని గోడకు ఆనించి, ఒక్క క్షణం అలాగే నిలబడి, నవ్వింది.

"కళ్ళు తెరువు నాయనా" అన్నారు అత్తయ్యగారు. "చావలేదు. నీ గోడ పడలేదని కథే మార్చుకున్నట్టున్నారు. ఆవిడే కదా తర్వాత ఆ సముద్రాలన్నిటినీ కిందికి దించేది. ఆవిడ అక్కడే పోతే ఇంక భూమెక్కడిది?"

వెనక్కి జరిపి మళ్ళీ చూపించారు. మూడోసారి మల్లేశం తనే వేలితో జరుపుకున్నాడు. నాలుగోసారి సాలెం ఆపమన్నాడు. తెర మూలన సగం క్షణం పాటు తన నల్లమేక కనిపించిందట.

దుప్పట్లోంచి బయటికొచ్చాక మల్లేశం గోడ దగ్గరికి వెళ్ళాడు. అరచేత్తో రెండుసార్లు చరిచాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. తలెత్తి పైకి చూసి, "పైనుంచి మూడో వరుసల ఒక ఇటుక వంకరున్నది సార్. నేనే పెట్టిన" అన్నాడు. ఆ తర్వాతే కళ్ళు తుడుచుకున్నాడు. సినిమాలో నిద్రపోయినందుకు ఆ నిమిషంలో నిజంగా సిగ్గుపడ్డాను.

అత్తయ్యగారు ఇంత దూరం వచ్చింది చిన్నోడు నిలబడిన చోట ఫోటో దిగడానికి. ఆ సంగతే మర్చిపోయారు. మల్లేశాన్ని గోడకు ఆనుకుని నిలబెట్టి, పక్కన తను నిలబడి, నాతో తొమ్మిది ఫోటోలు తీయించుకున్నారు. తణుకులోని అక్కచెల్లెళ్ళ గ్రూపులో పెట్టి కింద ఇలా రాశారు: "భూమిని కాపాడినాయన. జగిత్యాల." ఆ సినిమా ముక్కను, ఫోటోను మల్లేశం ఫోనుకు కూడా పంపించాను. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు ఇబ్రిలో హోటళ్ళు మూసేస్తారు. అందుకని పదకొండున్నరకే ఇబ్రి చేరి తిని, అతన్ని రూమ్ దగ్గర దింపి, సాయంత్రానికి మస్కట్ చేరుకున్నాం.

తిరుగు దారిలో, నేను ఆఫీసులో చేసే పని పదేళ్ళ తర్వాత ఎక్కడైనా నిలబడి ఉంటుందా అని ఆలోచించాను. జవాబు అంత బాగాలేదు. ఆ పెద్ద సినిమాకు లెక్కలేనంత ఖర్చు పెట్టి ప్రపంచాన్నంతా కూలగొట్టారు. అందులో చూడ్డానికి మిగిలింది, చెప్పిన మాట వినని ఒక చెయ్యి కట్టిన పన్నెండడుగుల గోడ. వారం తర్వాత మల్లేశానికి ఫోన్ చేశాను. ఫోర్‌మన్ సినిమా ముక్క చూసి ఏమన్నాడని అడిగాను. "ఏమనలే సార్. రెండు సార్లు సూసిండు. పొద్దుగాల సైట్‌కు పోతే ఒక కాంపౌండ్ గోడ జాగ సూపెట్టిండు. ఇది పడొద్దు అన్నడు. గంతే" అన్నాడు.

వెళ్ళేవాళ్ళకు ఒక్కటే సలహా. తాగడానికి సరిపడా నీళ్ళే కాకుండా ఒక క్యాను ఎక్కువ పెట్టుకోండి, గోడకు పోయడానికి. ఇప్పుడు దానికి నీళ్ళు అక్కర్లేదని మల్లేశం అంటాడు. అయినా ఆ రోజు మేం పోసే వచ్చాం, అతనే పోశాడు.