ఎనిమిది జట్లలో ఎనిమిదో సీడ్

మా మట్టెవాడలో అంకె అంటే ర్యాంకే. ఎంట్రెన్స్ పరీక్ష రాయని ఇల్లు లేదు, ర్యాంకు అడగని పక్కింటివాళ్లు లేరు. అందుకే రెండేళ్ల కిందట, కాలేజీల బాస్కెట్‌బాల్ టోర్నమెంటులో మా అమ్మాయిల జట్టుకు ఎనిమిదో సీడ్ ఇచ్చారని చెప్పగానే అమ్మ మురిసిపోయింది. వాడకట్టంతా చెప్పి వచ్చింది. మేనత్త మాత్రం ఒక్క ప్రశ్న వేసింది.

"ఎన్ని టీములల్ల ఎనిమిది?"

"ఎనిమిది టీములల్ల, అత్తా."

"అంటే ఆఖరే గదనే."

మరమగ్గాల షెడ్డు నుంచి అప్పుడే వచ్చిన బాపు ఆ మాట విన్నాడు. మొదటి మ్యాచ్ ఎవరితో అని అడిగాడు. ఒకటో సీడ్‌తో అన్నాను.

"పైరవీ ఉన్నోళ్లకు అల్కగ ఓడే టీమును ఇచ్చిన్రు. ఓడినవంటే ఆ బంతి అటకెక్కాలె, నువ్వు బ్యాంకు కోచింగ్‌ల కూసోవాలె."

నాకు ఒళ్లు మండింది. ఆ సీడ్ మా ఆట చూసి ఇచ్చింది కాదు. అంతకుముందు ఏడు ఆడిన సీనియర్ అక్కల ఫలితం చూసి ఇచ్చింది. వాళ్లలో సగంమంది చదువు ముగించుకుని వెళ్లిపోయారు కూడా. ఇక పైరవీ ఎక్కడిది? గట్టి జట్లు రెండూ మొదటిరోజే తలపడి ఒకటి ఇంటిదారి పట్టకూడదని ఒకటికి ఎనిమిదిని, రెండుకు ఏడును కలుపుతారు. ఒకటో సీడ్‌ను ఓడిస్తే ఆ పైన వాళ్లకు రావాల్సిన తేలిక దారి మాదే అవుతుంది. ఇదంతా నోటుబుక్కులో గీతలు గీసి చూపించాను. బాపు గీతల వంక చూడనేలేదు.

"ఆఖరంటే ఆఖరే" అన్నాడు.

మ్యాచ్‌లో మూడో క్వార్టర్ దాకా మేమే ముందున్నాం. చివరి నిమిషాల్లో కాళ్లు మాట వినలేదు. మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. హనుమకొండ నుంచి వచ్చే బస్సులో బాగా ఏడ్చాను, దాచేదేముంది.

ఇంటికొచ్చేసరికి అటకకు నిచ్చెన వేసి ఉంది. బంతిని చంకన పెట్టుకుని గడపలోనే నిలబడ్డాను.

"నిరుటి నంబరు నాది గాదు బాపూ. ఇయ్యాల ఓడింది మాత్రం నేనే. ఇది అటకెక్కది."

బాపు చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు.

"వచ్చే ఏడు ఎన్నో నంబరిస్తరు?"

"మొదటి రౌండ్లనే ఓడినం గద. మళ్ల ఎనిమిదే ఇయ్యచ్చు."

"అంటే మళ్ల గా ఒకటో నంబరోళ్లతోనేనా?"

"ఆ. నాకు గావాల్సింది గూడ వాళ్లే."

బాపు నిచ్చెన తీసుకెళ్లి పెరట్లో పెట్టి వచ్చాడు.